గొల్యాతు ఊపిరి

విమలకుమారి చేతి మాత్ర మింగకుండా తప్పించుకున్న రోగి ఆమె పనిచేసే ఆసుపత్రిలో లేడు. ఆమె బతిమాలదు, బెదిరించదు. మాత్రా మంచినీళ్ళూ మంచం పక్కన పెట్టి, "మీ ఇష్టం. మీరు మింగరని డాక్టరుగారు ముందే చెప్పారు" అని దుప్పటి సర్దుతూ నిలబడుతుంది. ఎంత మొండి ఘటమైనా సరే, డాక్టరు మాట అబద్ధం చెయ్యడానికైనా గుటుక్కున మింగేస్తాడు. మింగాక తానే గెలిచానని సంతోషిస్తాడు కూడా. నరసాపురం వైపు ఒక మిషన్ ఆసుపత్రిలో నేర్చుకున్న ఈ విద్యే ఆమెను షికాగో శివార్లకు తెచ్చింది. నర్సులకు తేలిగ్గా వీసాలిచ్చే రోజులవి. ముందు ఆమె వచ్చింది, వెనకాల మొగుడు దేవకుమార్ వచ్చాడు. ఈ వరస ఎవరైనా గుర్తు చేస్తే దేవకుమార్ వెంటనే వంతెనల గురించి మాట్లాడటం మొదలుపెట్టేవాడు. ఆయన వంతెనలు డిజైన్ చేసే సివిల్ ఇంజనీరు.

వాళ్ళు ఎల్జిన్‌లో పాత చెక్క ఇల్లు కొన్నారంటే దానికి కారణం ముందు హాలు. అంతకుముందు అపార్ట్‌మెంట్‌లో ఉండగా నెలనెలా రెండో శనివారం తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక పెట్టుకునేవారు. పాట రెండో చరణంలోకి రాకముందే పక్కింటాయన గోడ మీద గుద్దేవాడు. విమలకుమారికి పాటంటే ప్రాణం. గోడ గుద్దుళ్ళకు భయపడి గొంతు తగ్గించి ప్రభువును స్తుతించడం ఆమెకు చిన్నతనంగా ఉండేది. అందుకే ఈ ఇంటి హాలు చూడగానే, నలభై మంది బాసింపట్టు వేసుకొని కూర్చోవచ్చని లెక్కేసి, వంటగది ఎలా ఉందో కూడా చూడకుండా సరేనంది. ఆ హాలు నిండుగా ఉన్న శనివారం ఆమెకు పండగ. మిగతా రోజులు ఆ శనివారం కోసం ఓపిక పట్టేవి.

ఇంటితో పాటు బేస్‌మెంట్‌లో ఉన్న, ఇంటిని వెచ్చబెట్టే ఫర్నేసు కూడా వాళ్ళ నెత్తిన పడింది. బొగ్గు కాలంనాటి ఇనుప భూతం అది. తర్వాతెవరో దానికి గ్యాసు పెట్టి, ఒక ఫ్యాను తగిలించారు. లావాటి గొట్టాలు చేతుల్లా పైకి చాపుకొని, కింద నేలంతా ఆక్రమించుకొని కూర్చుని ఉండేది. కూడికకు వచ్చిన దెబోరా దాన్ని మొదటిసారి చూసి, "అమ్మో, గొల్యాతు" అంది. బైబిల్లోని ఆ రాక్షసుడి పేరే దానికి ఖాయమైంది. గొల్యాతు పని తేలికైనదే. వేడిగాలి గొట్టాల్లోంచి గదుల్లోకి ఊదుతుంది. చల్లబడిన గాలి హాలు నేల మధ్యలో ఉన్న పెద్ద ఇనుప జాలీలోంచి మళ్ళీ కిందికి దిగుతుంది. ఆ జాలీ సంగతి కాస్త గుర్తుంచుకోవాలి. ఆ ఇంట్లో అందరూ మర్చిపోయింది దాన్నే.

అవి దేశమంతా గ్యాసు, నూనె కరువని గగ్గోలు పెడుతున్న రోజులు. టీవీలో స్వెటర్లు వేసుకోండి, వేడి తగ్గించండి అని ఒకటే చెప్పేవారు. అమెరికావాళ్ళు విని ఊరుకున్నారు. దేవకుమార్ విని ఊరుకోలేదు. కిటికీలకు ప్లాస్టిక్ కాగితం బిగించాడు. తలుపు సందులన్నిట్లో నురగ పట్టీలు కుక్కాడు. గొల్యాతు చేతులకు వేడి పోకుండా గాజు దూది చుట్టి వెండి రంగు టేపు వేశాడు. మంట ఆరగానే పొగగొట్టం మూసుకునే మూత పెట్టించాడు. పొద్దున దానంతటదే వేడి పెంచి, రాత్రికి తగ్గించే గడియారం థర్మోస్టాట్ తెచ్చి నడవ గోడకు బిగించాడు. నిజం చెప్పాలంటే ఇవన్నీ మంచి పనులే, ఇల్లు బాగుపడింది కూడా. ఆయన అక్కడితో ఆగి ఉంటే ఈ కథ లేదు. థర్మోస్టాట్ ముల్లు అరవై రెండు ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర పెట్టి, అంతకు మించి వేడి అక్కర్లేదని తీర్మానించి, ఆ సంగతి కూడికలో పదిమంది ముందు డప్పు కొట్టుకున్నాడు. అరవై రెండు అంటే స్వెటరు మీద శాలువా కప్పుకొని, కాళ్ళు కుర్చీ పైకి ముడుచుకుంటే సరిపోయే వెచ్చదనం.

మొగుడు ఆఫీసులో ఉండగా విమలకుమారి ముల్లు పైకి జరిపేది, ఆయన వచ్చే వేళకు కిందికి దించేది. కొన్నాళ్ళకు దేవకుమార్ థర్మోస్టాట్ మీద తాళం ఉన్న ప్లాస్టిక్ డబ్బా బిగించి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఎవరినీ ఏమీ అనలేదు. పిల్లలు ముట్టుకోకుండా అన్నాడు. వాళ్ళకు పిల్లలు లేరు.

తాళాలు పెడితే ఆగే మనిషి కాదు ఆమె. పొద్దుటి డ్యూటీ ముగించుకొని మధ్యాహ్నం ఇల్లు చేరగానే ఫ్రిజ్‌లోంచి ఐస్ ముక్కలు తీసి, జ్వరం రోగుల నెత్తిన పెట్టే రబ్బరు ఐస్ బ్యాగులో నింపి, మూత బిగించి, ఆ డబ్బా నెత్తిన పెట్టేది. చల్లదనం కిందికి దిగి థర్మోస్టాట్‌కు తగిలేది. ఇల్లు గడ్డకట్టిపోతోందని అది హడలిపోయి గొల్యాతును లేపేది. టీ మరిగే లోపల గొట్టాల్లోంచి వెచ్చటి గాలి వచ్చేది. మొదట్లో ఇంత తొందరగా పని చేసేది కాదు. తర్వాతెప్పుడో డబ్బా పైభాగంలో గుండ్రటి చిల్లులు వరసగా ఉండటం గమనించింది. బ్యాగు సరిగ్గా ఆ చిల్లుల మీద పెడితే చాలు. ఈ డబ్బా చేసినవాడెవడో గాని ఆడవాళ్ళ కష్టం తెలిసినవాడు అనుకొని, వాడు చల్లగా ఉండాలని దీవించేది. ఇడ్లీ పిండి కూడా ఆ మధ్యాహ్నపు వెచ్చదనంలోనే పులిసేది. పిండి ఇంత బాగా పొంగుతోందంటే ఇంటికి వేడి సరిపోతున్నట్టే కదా అని దేవకుమార్ ఇడ్లీ తింటూ వాదించేవాడు. ఆమె ఇంకో ఇడ్లీ వేసేది.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కల్లా రెండో శనివారాలతోనే వచ్చింది.

మామూలు రోజుల్లో ఇల్లు అరవై రెండులోనైనా ఉండేది. కూడిక రోజు మాత్రం హాలు మంచుగడ్డ అయిపోయేది. పొద్దున బాగానే ఉంటుంది. జనం వచ్చి కూర్చుని, పాటలు మొదలయ్యేసరికి గొట్టాల్లో గాలి నీరసిస్తుంది. వాక్యం చదివేవేళకు నోట్లోంచి పొగలు వస్తున్నట్టుంటుంది. దేవకుమార్ బేస్‌మెంట్‌లోకి పరిగెత్తేవాడు. గొల్యాతు మంట ఆర్పుకొని, ఒళ్ళంతా కాలిపోతూ, చలనం లేకుండా ఉండేది. అందరూ వెళ్ళిపోయాక మళ్ళీ మామూలే. ఆయన ఫ్యాను బెల్టు మార్చాడు, వైర్లు మార్చాడు, చివరికి థర్మోస్టాటే మార్చాడు. ఏం మార్చినా గొల్యాతు సరిగ్గా రెండో శనివారమే అలిగేది.

జనం కోట్లు విప్పడం మానేశారు. నవంబరు కూడికలో ప్రార్థన దెబోరా వంతు వచ్చింది. దెబోరా, ఆమె భర్త సుందర్ రాజ్ పక్కనే ఉన్న షామ్‌బర్గ్‌లో అప్పుడే కొత్త ఇల్లు కట్టుకున్నారు. మన కూడికల్లో మొహం మీద అనలేని మాట ప్రభువుతో చెప్పుకోవడం మామూలే, ఆయన ద్వారా అందరికీ అందుతుంది. దెబోరా కళ్ళు మూసుకొని రోగులనూ ప్రయాణికులనూ జ్ఞాపకం చేసుకొని, ఆ వెంటనే, చలిలో వణుకుతున్న నీ బిడ్డలను కూడా చూడు తండ్రీ, వాళ్ళ వేళ్ళు కొంకర్లు పోతున్నాయి అని చాలా దీనంగా వేడుకుంది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆమేన్ మాత్రం అందరూ గట్టిగా అన్నారు.

భోజనాల దగ్గర సుందర్ రాజ్ సంగతి బయటపెట్టాడు. ఈ ఏడు క్రిస్మస్ ఆరాధన తమ ఇంట్లో పెట్టుకుందామన్నాడు. తమది కొత్త ఫర్నేసు, మీట నొక్కితే చాలు. ఆ తర్వాత కూడికలు కూడా అక్కడే పెట్టుకోవచ్చు.

"దేవకుమార్ బ్రదర్ బ్రిడ్జిలు బాగా కడతాడు," అన్నాడు నవ్వుతూ. "బ్రిడ్జి మీద కూర్చుంటే ఇట్లాగే ఉంటుంది."

దేవకుమార్ కూడా నవ్వాడు గాని చెవులు ఎర్రబడ్డాయి. కూడిక పెద్ద అబ్రహాం గారు గొంతు సవరించుకొని తీర్పు చెప్పారు. డిసెంబరు రెండో శనివారం ఇక్కడే కూడుకుందాం. అప్పుడూ ఇలాగే ఉంటే క్రిస్మస్‌కు షామ్‌బర్గ్ వెళ్దాం.

విమలకుమారి గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. క్రిస్మస్ వెళ్ళిపోతే శనివారాలూ వెళ్ళిపోతాయి, పాటా వెళ్ళిపోతుంది. ఆ హాలు ఇద్దరు మనుషులకు మిగిలిపోతుంది. దానికోసమే కొన్న ఇల్లు అప్పుడు దేనికి? ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. ఏడవకుండా అందరికీ సాంబారు వడ్డించింది.

ఆమెను తొలిచేస్తున్న సంగతి ఇంకొకటి ఉంది. ఆ రోజు కూడా ఎవరూ చూడకుండా నడవలోకి వెళ్ళి ఐస్ బ్యాగు పెట్టి వచ్చింది. రోజూ టీ మరిగేలోపు పనిచేసే మందు ఆ రోజు పనిచేయలేదు. అంటే థర్మోస్టాట్ అడుగుతూనే ఉంది, గొల్యాతు ఇవ్వడం లేదు. రోగం తలలో లేదు, ఇంకెక్కడో ఉంది. నర్సు బుర్రకు ఈపాటి తట్టడం కష్టం కాదు. కానీ ఎక్కడ?

జనం వెళ్ళిపోయారు. దేవకుమార్ బేస్‌మెంట్ మెట్ల మీద మొహం మాడ్చుకొని కూర్చున్నాడు. ఆమె హాల్లో జంపఖానాలు చుట్టసాగింది. కూడికకు కుర్చీలు వెయ్యరు. నేలంతా నరసాపురం నుంచి మోసుకొచ్చిన మందపాటి జంపఖానాలు పరిచి, వాటి మీద తెల్ల దుప్పట్లు పరుస్తారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుంటారు. మధ్యలో ఉన్న జంపఖానా తియ్యగానే కింద గొల్యాతు బుస్సుమని ఒక పెద్ద నిట్టూర్పు విడిచింది. ఆమె చీర కుచ్చెళ్ళు ఒక్కసారిగా కిందికి లాగినట్టు వెళ్ళి ఇనుప జాలీకి అతుక్కున్నాయి. ఆమె వాటిని విడిపించుకుంది. మళ్ళీ అతుక్కున్నాయి. కాసేపటికి గొట్టాల్లోంచి వెచ్చటి గాలి రావడం మొదలైంది.

విమలకుమారి చుట్టిన జంపఖానా మీద కూలబడి నవ్వుకుంది. నెలనెలా నలభై మంది కలిసి గొల్యాతు ముక్కు మీద కూర్చుంటున్నారు. పైగా వాడు ఊదడం లేదని ప్రభువుకు ఫిర్యాదు చేస్తున్నారు.

వెంటనే వెళ్ళి చెప్పింది. చెప్పడం మాత్రం తప్పయింది. ఆ పూట దేవకుమార్ వినే స్థితిలో లేడు. అది గాలి వెనక్కి పోయే దారి గాని వేడి వచ్చే దారి కాదు, దాని మీద కూర్చుంటే పోయేదేమీ లేదు అన్నాడు. వేడి గురించి ఆమె నోటి నుంచి ఏ మాట వచ్చినా, చివరికి అరవై రెండును డెబ్భై రెండు చెయ్యడానికే వస్తుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకంలో న్యాయం లేకపోలేదు. మరి ఐస్ బ్యాగు పెట్టినా లాభం లేకపోయింది కదా అని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. నాలుక కరుచుకొని ఊరుకుంది.

ఆలోచించగా, ఊరుకోవడమే మంచిదనిపించింది. సుందర్ రాజ్ మాటకు ఎర్రబడ్డ ఆ చెవులు ఆమె మర్చిపోలేదు. కిటికీలకు ప్లాస్టిక్ బిగిస్తూ వేళ్ళు కోసుకున్న మనిషి ఆయన. ఆయన మీద ఆమెకు కోపం ఉంది, జాలి ఉంది, అన్నిటికీ అడుగున ప్రేమ కూడా ఉంది. ఇంటావిడ కనిపెట్టిందని తెలిస్తే సుందర్ రాజ్ ఈ మాటను ఇల్లినాయ్ అంతా మోస్తాడు. ఈ మాత్ర ఆయనే మింగాలి, మింగి తానే గెలిచాననుకోవాలి.

డిసెంబరు రెండో శనివారం పొద్దున్నే ఆమె జంపఖానాలన్నీ బాత్‌టబ్‌లో నానబెట్టేసింది. దేవకుమార్ చూసి ఇదేం పని అని నెత్తి పట్టుకున్నాడు. పసుపు మరకలు పడ్డాయి, క్రిస్మస్ ముందు ఉతకొద్దా అంది. ఆ తర్వాత నడవలోకి వెళ్ళి, డబ్బా మీద ఐస్ బ్యాగు పెట్టి వచ్చింది. కింద గొల్యాతు లేచి హోరున ఊపిరి తీయడం మొదలుపెట్టింది. అప్పుడు విమలకుమారి నడుం పట్టుకొని మూలిగింది.

"ఏమండీ, నాకు వంగడం అవట్లేదు. జంపఖానాలు ఎలాగూ లేవు, ఉత్త దుప్పట్లు మీరు పరిచెయ్యండి."

ఆమె వంటగదిలోకి వెళ్ళి, పులిహోర కలుపుతున్నట్టు నటిస్తూ, తలుపు సందులోంచి ఒక కన్ను హాల్లో పడేసింది. దేవకుమార్ మొదటి దుప్పటి విదిలించి పరిచాడు. రెండోది మధ్యలో పరిచాడు. అది నడిమికి జారి, గుంటపడి, జాలీకి కరుచుకుంది. ఆయన లాగి సరిచేశాడు. మళ్ళీ గుంటపడింది. ఇంకోసారి లాగాడు. మహానుభావుడు కాసేపు ఆలోచించి, మూలనున్న పాటల పుస్తకాల దొంతర తెచ్చి, దుప్పటి కదలకుండా సరిగ్గా జాలీ చుట్టూ పేర్చి, చేతులు దులుపుకున్నాడు.

ఆమెకు గరిటె పెట్టి కొట్టాలనిపించింది. ఆ మాత్రల విద్య నేర్వకముందు ఒక రోగి మాత్రను పూలకుండీలో పారేసినప్పుడు కూడా ఇంత ఒళ్ళు మండలేదు.

"ఏమండీ, ఆ పుస్తకాలు అక్కడ పెడితే ఎలాగండీ? అందరికీ పంచాలి. గుమ్మం దగ్గర పెట్టండి," అంది వంటగదిలోంచి, వీలైనంత మామూలుగా.

దేవకుమార్ గొణుక్కుంటూ పుస్తకాలు తీశాడు. దుప్పటి మళ్ళీ గుంటపడి జాలీకి కరుచుకుంది. కింద గొల్యాతు హోరు కాస్త తగ్గి, ఆయాసపడుతున్నట్టు మూలిగింది. ఆయన దుప్పటి ఎత్తాడు. హోరు పెరిగింది. వదిలాడు, తగ్గింది. ఎత్తాడు. వదిలాడు. ఆమె సందులోంచి చూస్తే ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, జాలీ మీద అరచెయ్యి పెట్టి, నోరు తెరిచి ఉన్నాడు. మరుక్షణం బేస్‌మెంట్ మెట్లు దడదడలాడాయి. పైకి వచ్చేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది.

"విమలా, కనిపెట్టేశాను! ఇది ఊపిరి పీల్చుకునే దారే. పీల్చకుండా ఎట్లా ఊదుతుంది? లోపలే కాగిపోయి, కాలిపోకుండా తనంతట తనే మంట ఆర్పేసుకుంటోంది. ఇన్నాళ్ళూ మనం దీని మీద కూర్చున్నాం!"

"అలాగా?" అంది ఆమె, కళ్ళు పెద్దవి చేసి. "నాకు తట్టనే లేదండీ."

చెప్పిన మాట ఆయనకు గుర్తొస్తుందేమోనని ఒక క్షణం చూసింది. గుర్తు రాలేదో, రానివ్వలేదో మరి. దేవకుమార్ దుప్పట్లను జాలీ చుట్టూ మడిచి పరిచాడు. అంత ఖాళీ మధ్యలో వదిలేస్తే ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు కదా అని సందేహపడ్డాడు. దానికి మాత్రం విమలకుమారి వెంటనే ఉపాయం చెప్పింది. అబ్రహాం గారికి మోకాళ్ళ నొప్పులు, నేల మీద కూర్చోలేకపోతున్నారు, ఆ జాలీ మీద ఆయనకు కుర్చీ వేద్దాం. నాలుగు కాళ్ళ సందున గాలి హాయిగా పోతుంది.

జనం కోట్లు బిగించుకొని, చేతులు రుద్దుకుంటూ వచ్చారు. మొదటి పాట అయ్యేసరికి మఫ్లర్లు ఊడాయి. రెండో పాటకు కోట్లు విప్పారు. అందరికంటే చివర దెబోరా కూడా విప్పి, పక్కావిడ చెవిలో చెమట పడుతోందని చెప్పింది. సుందర్ రాజ్ టై వదులు చేసుకున్నాడు. విమలకుమారి చాలాకాలం తర్వాత గొంతెత్తి పాడింది. గోడ గుద్దేవాళ్ళు లేరు, వణికేవాళ్ళు లేరు. పాడుతుంటే ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఇంట్లో చల్లగాలంతా వచ్చి చేరేది జాలీ దగ్గరికే కాబట్టి, అబ్రహాం గారి చీలమండల మీంచి అది నిరాటంకంగా కిందికి దిగుతూ వచ్చింది. పులిహోర చల్లారి, పిల్లలు నిద్రపోయేదాకా సాగే ఆయన ముగింపు ప్రార్థన ఆ రోజు ఎంత చిన్నగా అయిపోయిందంటే, ఆమేన్ అనడానికి కొందరు సిద్ధంగా కూడా లేరు.

ప్రార్థనకు ముందు దేవకుమార్ లేచి సాక్ష్యం చెప్పాడు. ప్రభువు తన చేత దుప్పటి పరిపించాడని, జాలీ మీద చెయ్యి పెట్టించాడని, కళ్ళు తెరిపించాడని వివరంగా చెప్పాడు. ఇందులో తన వాటా అంతా ప్రభువు ఖాతాలో పడిపోతున్నా విమలకుమారి తలొంచుకొని విన్నది. నడుం నొప్పి ఎలా ఉందని దెబోరా అడిగితే, తగ్గిందని చెప్పింది. క్రిస్మస్ ఇక్కడేనని అబ్రహాం గారు ప్రకటించారు. అయితే తన కుర్చీ కిటికీ పక్కన వెయ్యమన్నారు.

భోజనాల దగ్గర సుందర్ రాజ్ ఊరుకోలేదు. ఇంత వేడిగా ఉందంటే దేవకుమార్ గుట్టుగా డెబ్భై రెండు పెట్టేశాడని వాదించాడు. పెట్టలేదన్నాడు దేవకుమార్. అయితే చూపించమన్నాడు. రమ్మని ఆయన నడవలోకి దారితీశాడు. ఇంకో నలుగురు వెనకాల లేచారు.

విమలకుమారికి అప్పుడు గుర్తొచ్చింది. ఐస్ బ్యాగు! పొద్దున పెట్టి, హడావిడిలో తియ్యడం మర్చిపోయింది. పచ్చడి గిన్నె ఎవరి చేతిలోనో పెట్టి, మనుషుల మధ్యనుంచి దూరుకుంటూ పరిగెత్తింది. నడవ చేరేసరికి అందరూ డబ్బా చుట్టూ గుమిగూడి ఉన్నారు. డబ్బా మీద ఏమీ లేదు. దేవకుమార్ తాళం తీసి ముల్లు చూపిస్తున్నాడు. ఖచ్చితంగా అరవై రెండు. మనుషుల వేడి ఒకటి ఉంటుంది బ్రదర్, నలభై మంది అంటే మాటలా అని గంభీరంగా వివరిస్తున్నాడు. సుందర్ రాజ్ వంగి చూసి ఒప్పుకున్నాడు.

ఆమె మాత్రం ముల్లును చూడటం లేదు. దేవకుమార్ కోటు కుడి జేబు జామపండు పెట్టుకున్నట్టు ఉబ్బి ఉంది. జేబు అడుగున తడి మరక మెల్లగా పెద్దదవుతోంది. ఒక చుక్క ఆయన బూటు మీద పడింది. ఆయన ఇంకో కాలితో దాన్ని తుడిచేస్తూ, ఇన్సులేషన్ గురించి చెప్పుకుపోతున్నాడు.

అందరూ హాల్లోకి వెళ్ళాక దేవకుమార్ జేబులోంచి బ్యాగు తీసి, ఎవరూ చూడకుండా ఆమె చేతిలో పెట్టాడు.

"ఫ్రీజర్‌లో పెట్టుకో. సోమవారం డ్యూటీ నుంచి రాగానే కావాలిగా."

ఆమె బ్యాగును కొంగు కింద దాచుకుంది. ఎప్పటినుంచి తెలుసని అడిగింది.

"డబ్బా కింద గోడకంటించిన కాగితం తడిసినప్పటినుంచి," అన్నాడు ఆయన, డబ్బాకు తాళం వేస్తూ. "నేను కొన్నప్పుడు దీనికి పైన చిల్లులు లేవు, విమలా."